జోసెఫ్ బాబాయి రక్తంలో పొటాషియం

2023 ఫిబ్రవరి. పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్‌గా నాకు అది మూడో ఏడు. మా విభాగంలో ఆరు మంచాలు, ఆరు యంత్రాలు, నీళ్ళు శుద్ధి చేసే గది ఒకటి. ఉదయం ఏడింటికి మొదటి విడత, పన్నెండున్నరకు రెండోది. నేను పుట్టింది ఇక్కడే, బతు బస్తీలో. చదువుకు విశాఖపట్నం వెళ్ళి, డయాలసిస్ టెక్నాలజీలో డిగ్రీ చేసి, ఓడెక్కి తిరిగొచ్చాను.

ఈ ఉద్యోగంలో ఏం చేస్తావని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇది. మూత్రపిండాలు పనిచేయనివాళ్ళ రక్తాన్ని బయటికి తీసి, డయలైజర్ అనే గొట్టం గుండా నడిపి, తిరిగి ఒంట్లోకి పంపుతాం. ఆ గొట్టంలో వెంట్రుకంత సన్నని బోలు పోగులు వేలకొద్దీ ఉంటాయి. పోగు లోపల రక్తం, పోగు బయట మేం కలిపిన ద్రవం. పోగు గోడకు కంటికి కనిపించని రంధ్రాలు. రక్తకణాలు వాటిలో పట్టవు. యూరియా, పొటాషియం పడతాయి. అవి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వాటంతట అవే నడిచిపోతాయి. దీన్నే డిఫ్యూజన్ అంటారు. వాటిని మేం తోసేదేమీ లేదు. అవతలి వైపు ఎప్పుడూ తక్కువ ఉండేలా చూడటమే మా పని.

ఆ ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం జోసెఫ్ బాబాయి గోడ పట్టుకుని లోపలికి వచ్చారు. ఆయనకు అరవై మూడేళ్ళు. దీవుల మధ్య తిరిగే ఓడల్లో సెరాంగుగా, అంటే డెక్కు మీది పనివాళ్ళకు పెద్దగా, చేసి రిటైరయ్యారు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ళిల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. చుట్టరికం లేదు గానీ చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తాను. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, ఆయనకు డయాలసిస్.

"ఏటి బాబాయ్, గోడ పట్టుకున్నారు?"

"కాళ్ళు మాట ఇనట్లేదురా. ఓడ ఊగినట్టుంది. ఈ డెక్కు నీదే కదా, కాస్త సీదాగా పెట్టు."

నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఈసీజీ తీస్తే గీతలు సన్నని గుడారాల్లా పైకి లేచి ఉన్నాయి. రక్తంలో పొటాషియం 7.1. మామూలు మనిషికి మూడున్నర నుంచి ఐదు. ఏడు దాటితే గుండె ఏ నిమిషాన ఆగుతుందో చెప్పలేం.

ఇక్కడ ఒక విషయం వివరించాలి, ఎందుకంటే ఈ కేసంతా దాని మీదే నడిచింది. మన ఒంట్లోని పొటాషియం దాదాపు అంతా కణాల లోపల ఉంటుంది. రక్తంలో ఉండేది చాలా కొద్ది. సోడియం ఇందుకు తలకిందులు: బయట ఎక్కువ, లోపల తక్కువ. ఊరకే వదిలేస్తే డిఫ్యూజన్ ప్రకారం రెండూ కలిసిపోయి సమానమైపోవాలి. అలా కాకుండా ఆపడానికి కణం పొరలో పంపులు ఉంటాయి. అవి పగలూ రాత్రీ శక్తి ఖర్చుపెట్టి సోడియాన్ని బయటికి తోడుతూ, పొటాషియాన్ని లోపలికి లాగుతూ ఉంటాయి. ఆ తేడా ఉన్నంతకాలమే గుండె కండరం సరిగ్గా కొట్టుకుంటుంది. బయట పొటాషియం పెరిగితే తేడా తగ్గి, లయ చెడుతుంది.

డాక్టర్ మేడమ్ ముందు గుండెను నిలకడగా ఉంచే కాల్షియం ఇంజెక్షన్ చేయించారు. తర్వాత గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్. ఆయనకు షుగరు లేదు. అయినా ఇన్సులిన్ ఎందుకంటే అది కణాల పంపులను ఉరికించి, రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తరుముతుంది. ఒంట్లోంచి ఒక్క రవ్వ కూడా పోదు. వీధిలో ఉన్నవాళ్ళను కాసేపు ఇళ్ళలోకి పంపినట్టు, అంతే. నిజంగా బయటికి పంపేది డయాలసిస్. ఆ సోమవారం నాలుగు గంటలు యంత్రం నడిచాక గుడారాలు దిగిపోయాయి.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది.

"నారియల్ పానీ తాగావా?" అని మేడమ్ హిందీలో సూటిగా అడిగారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. దీవుల్లో ఏ డయాలసిస్ రోగికి పొటాషియం పెరిగినా మొదటి అనుమానం దాని మీదే.

"నహీఁ మేడమ్. చర్చి పుస్తకం మీద ఒట్టు."

పక్కనే నిలబడ్డ ఆయన భార్య సారమ్మ పిన్ని ఊరుకోలేదు. ఆవిడ ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసి మానేసింది. తప్పు కనిపిస్తే దిద్దే తీరుతుంది.

"ఝూట్ మేడమ్! ఇంట్లో నేను ఇవ్వను. చెట్ల మీద ఒక్క బోండం లేకుండా కోయించి చర్చికి పంపేశాను. బజారుకెళ్ళి తాగొస్తున్నాడు."

"బజారుకి ఏ కాళ్ళతో ఎల్లానే? నువ్వే కదా గోడ పట్టుకోమన్నావు?"

"మరి నీ ఒంట్లోకి ఎలా వచ్చింది? గాల్లోంచా?"

ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది. ఎందుకంటే సరిగ్గా అదే తేలాలి.

సారమ్మ పిన్ని బయటికి వెళ్ళాక బాబాయి నన్ను దగ్గరికి పిలిచారు. గొంతు తగ్గించి చెప్పారు. ఆయనకు దీవుల ఉత్తర కొసన, డిగ్లీపూర్‌లో అక్క ఉంది. పేరు రూతమ్మ. తల్లి పోయేనాటికి ఆయనకు నాలుగేళ్ళు. పెంచింది ఆ అక్కే. ఇప్పుడు ఆవిడకు మతిమరుపు వచ్చింది.

"రోజుకొకర్ని మరిసిపోతందటరా. మొన్న చిన్న కోడల్ని ఎవరివే నువ్వు అని అడిగిందట. నా వంతు రాకముందు ఓసారి కనపడాల."

ఆయన లెక్క కచ్చితంగా ఉంది. గురువారం డయాలసిస్ అయ్యాక శుక్రవారం తెల్లవారుజామున బస్సెక్కితే సాయంత్రానికి డిగ్లీపూర్. శనివారం అక్క దగ్గర. ఆదివారం తిరుగు ప్రయాణం. సోమవారం మళ్ళీ నా మంచం మీద. ఒక్క విడత కూడా తప్పదు.

మేడమ్‌ను అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపారు. "బస్సు అడవి దాటుతుండగా గుండె లయ తప్పితే ఎవరు చూస్తారు? వరసగా రెండు సోమవారాలు ఐదున్నర లోపు చూపించండి. అప్పుడు పంపుతాను." ఆ మాట న్యాయమైనదే. తర్వాతి సోమవారం 6.8. ఆ పై సోమవారం 6.6. ఈలోగా డిగ్లీపూర్ నుంచి ఫోన్: రూతమ్మ గారు పెద్దకొడుకు పేరు మరచిపోయారట.

విభాగంలో అందరూ బాబాయిని కొబ్బరిదొంగ అనడం మొదలుపెట్టారు. నవ్వుతూ అన్నా ఆయనకు తగిలేది. మూడో వారానికి జవాబు చెప్పడం మానేసి, కళ్ళు మూసుకుని పడుకునేవారు.

నాకు జాబితాలు రాసే అలవాటు ఉంది. డ్యూటీ రూంలో పాత చార్టు వెనక పొటాషియం ఎక్కడెక్కడి నుంచి రావచ్చో రాసుకున్నాను.

ఒకటి, శాంపిల్ తప్పు. రక్తం తీసేటప్పుడు గట్టిగా లాగినా, గొట్టాన్ని కుదిపినా ఎర్రకణాలు పగిలి, వాటి లోపలి పొటాషియం బయటికి కారుతుంది. దీన్ని హీమోలిసిస్ అంటారు. రోగి బాగానే ఉన్నా కాగితం మీద అంకె పెరుగుతుంది. అందుకని మూడోసారి నేనే నెమ్మదిగా తీసి, నా చేత్తోనే లాబ్‌కు పట్టుకెళ్ళాను. 6.6 వచ్చింది దానికే. పైగా ఈసీజీ అబద్ధం చెప్పదు. కొట్టేశాను.

రెండు, మా డయాలసిస్ సరిగ్గా జరగకపోవడం. కానీ ప్రతిసారీ యూరియా దిగాల్సినంత దిగుతోంది. యంత్రం, డయలైజర్, సూదులు పెట్టేందుకు చేతి రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా అన్నీ బాగున్నట్టే. కొట్టేశాను.

మూడు, మందులు. కొన్ని బీపీ మాత్రలు పొటాషియాన్ని పెంచుతాయి. మేడమ్ వాటిని జనవరిలోనే మార్చేశారు. కొట్టేశాను.

నాలుగు, తక్కువ సోడియం అని అమ్మే ఉప్పు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. పిన్నిని ఇంట్లో వాడే ఉప్పు ప్యాకెట్ తెమ్మన్నాను. మామూలు ఉప్పే.

ఐదు, కొబ్బరినీళ్ళు. దీని దగ్గర నా కలం ఆగింది. రెండు డయాలసిస్‌ల మధ్య రోగి బరువు ఎంత పెరిగిందో ప్రతిసారీ రాస్తాం. మూత్రం రానివాళ్ళు తాగిన నీళ్ళన్నీ బరువుగానే కనిపిస్తాయి. బాబాయికి నాలుగు రోజుల ఎడం తర్వాత వచ్చే సోమవారాల్లో కూడా రెండు కిలోలు మించలేదు. మా రోగులందరిలో నీటి క్రమశిక్షణ ఆయనదే మొదటి స్థానం. దొంగచాటుగా బోండాలు తాగే మనిషి బరువు ఇలా ఉండదు. అంటే పొటాషియం లోపలికి వస్తోంది గానీ, అదనపు నీళ్ళు రావడం లేదు.

ఆరు అని అంకె వేసి, దాని పక్కన ఏం రాయాలో తెలియక అలాగే ఉంచాను.

కూరగాయల సంగతి అంతకుముందే అడిగాను. కొత్త రోగుల ఇంటివాళ్ళకు మేం ఒక కార్డు ఇస్తాం. అది నేను తయారుచేసిందే. అందులో లీచింగ్ పద్ధతి, అంటే కూరల్లోని పొటాషియాన్ని నీళ్ళలోకి దింపే పద్ధతి, నాలుగు వరుసల్లో ఉంది. కూరగాయలు చిన్న ముక్కలు కోయాలి. రెండు గంటలు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు తీసేయాలి. కొత్త నీళ్ళలో ఉడికించాలి. ఉడికిన నీళ్ళు ఒంపేసి, ముక్కలతో కూర చేయాలి.

"కార్డులో ఉన్నట్టే చేస్తున్నారా పిన్నీ?"

"అక్షరం పొల్లు పోకుండా. ముప్పై ఏళ్ళు సర్కారు కాగితాలు చదివి చేసినదాన్ని, నీ నాలుగు వరసలు చేయలేనా?"

నాకు ఆవిడ మాట మీద పూర్తి నమ్మకం. అందుకే అర్థం కాలేదు. చివరికి అడిగేశాను: "ఆదివారం మీ ఇంటికొస్తా పిన్నీ. మీరు వండుతుంటే చూడాలి."

"చూడ్డానికి వస్తావా, తిండానికి వస్తావా?" అన్నారు బాబాయి మంచం మీంచి. మూడు వారాల్లో అదే ఆయన మొదటి హాస్యం.

ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళాను. వేసవి ముందే వచ్చేసినట్టుంది ఆ యేడు. మా వైపు నల్లా మూడు రోజులకోసారి వస్తోంది. వాళ్ళ పెరట్లో, మా ఇంట్లో ఉన్నట్టే, నీలం డ్రమ్ములు వరసగా. దేని మూత దానికి. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, కాగితం, పెన్ను తీశాను.

"అరే, ఇన్‌స్పెక్షనా?" అంది పిన్ని.

"రోజూ మీరెలా చేస్తారో అలాగే చేయండి. నేను లేననుకోండి."

"లేననుకోడానికి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నావు."

బంగాళదుంపలు, సొరకాయ. ముక్కలు అంగుళంలో సగం కూడా లేవు. నా కార్డు చెప్పినదానికన్నా చిన్నవి. పొద్దున్నే నానేసిన గిన్నె తెచ్చి, ముక్కలను జల్లెడలోకి వంచింది. కొత్త నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. బాబాయి రోజంతా తాగాల్సిన నీళ్ళు గీతలున్న ఒక సీసాలో విడిగా ఉన్నాయి. ఆయనకు ఏది పోసినా, అది పులుసైనా సరే, అంత నీరు సీసాలోంచి తీసేస్తుంది. అంత కచ్చితం నేను మా విభాగంలో కూడా చూడలేదు. ముక్కలు ఉడికాయి. నీళ్ళు ఒంపింది. ముక్కలు పోపులో వేసింది. నేను నాలుగు వరుసలకూ నాలుగు టిక్కులు పెట్టాను. తప్పెక్కడా లేదు.

భోజనానికి కూర్చోబెట్టారు. అన్నం, సొరకాయ, దుంపల వేపుడు, చారు. వేపుడు చప్పగా ఉంది. ఉండాలి కూడా. చారు మాత్రం అద్భుతం. రెండోసారి గ్లాసులో పోయించుకున్నాను.

"చారు చాలా బాగుంది పిన్నీ. కూరలో లేని రుచంతా ఇందులో ఉంది."

"ఉండదా మరి. సత్తువంతా అందులోనే కదా దిగింది."

గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"ఎందులోకి దిగింది?"

"దుంపల నీళ్ళలోకి. నీ ఎదురుగానే కదా ఒంపాను."

"ఒంపారు. ఎక్కడికి ఒంపారు?"

"ఎక్కడికేంటి? గిన్నెలోకి." ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఆ నీళ్ళతోనే చారు పెట్టాను."

"మరి పొద్దున్న నానేసిన నీళ్ళు?"

"అన్నానికి ఎసరు. అత్తెసరు పెట్టాను, గంజి కూడా వార్చలేదు." ఎసరు అన్నానికి సరిపడా పోసి, అంతా అందులోనే ఇగిరిపోనివ్వడం అత్తెసరు. అంటే ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు.

నేను చేసిన తప్పు నాకు అప్పుడు కనిపించింది. ఒంపేయమన్నాను, తీసేయమన్నాను. ఎక్కడికి అన్నది రాయలేదు. విశాఖపట్నంలో నేర్చుకున్నప్పుడు ఎవరూ చెప్పలేదు. నల్లా తిప్పితే నీళ్ళొచ్చే ఊళ్ళో, ఒంపిన నీళ్ళు ఎలాగూ మోరీలోకే పోతాయి. మా ఇంట్లో అమ్మ బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తోముతుంది. గిన్నెలు తోమిన నీళ్ళు మొక్కలకు పోస్తుంది. మార్చి నెలలో బతు బస్తీలో శుభ్రమైన నీళ్ళు ఒక చెంబెడు పారబోసే ఇల్లాలు ఉండదు. అది నాకు తెలియని సంగతి కాదు. కార్డు రాసేటప్పుడు గుర్తు రాలేదు, అంతే.

వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలని చూశాను. దుంప కూడా కణాలతోనే తయారవుతుంది, దాని కణాలు కూడా మన కణాల్లాగే పొటాషియాన్ని లోపల దాచుకుంటాయి. పచ్చిముక్కను నీళ్ళలో వేస్తే కత్తి తెగిన చోట ఉన్న కణాల్లోంచి మాత్రమే కొంత కారుతుంది. లోపలి కణాలు బతికే ఉంటాయి, వాటి పొర కాపలా కాస్తూనే ఉంటుంది. ఉడికించినప్పుడు ఆ పొర చచ్చిపోతుంది. ఇక ఆపేవాళ్ళెవరూ లేక పొటాషియం నీళ్ళలోకి వచ్చేస్తుంది. ముక్కలో తక్కువ, నీళ్ళలో ఎక్కువ. కూరలోంచి పిన్ని ఎంతో శ్రద్ధగా బయటికి తీసినదంతా ఎసరులో, చారులో మళ్ళీ అదే కంచంలోకి వచ్చింది. చారుకు వేసిన టమాటా, చింతపండు వాటి వంతు కలిపాయి. చారుకు తగ్గట్టు తాగే నీళ్ళు తగ్గించింది గనక బరువు పెరగలేదు. అందుకే నేను పట్టుకోలేకపోయాను.

పిన్ని చేతిలో గరిటె అలాగే ఉంది. దాన్ని కింద పెట్టి, చారు గిన్నె మీద మూత వేసింది.

"ముప్పై ఏళ్ళు తల్లులకు చెప్పాను" అంది. "కూరలు ఉడికించిన నీళ్ళు పారబోయకండి, బలమంతా అందులో ఉంటుందని. గోడ మీద బొమ్మ అంటించి మరీ చెప్పాను. అంటే ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే ఈయనకి..."

మాట పూర్తి కాలేదు. బాబాయి అందుకున్నారు.

"ఊరుకోయే. దీవిలో పిల్లలందరూ ఆ చారు తాగే కదా గుండ్రాళ్ళలా పెరిగారు? ఈడు కూడా నీ అంగన్‌వాడీ సరుకే. నా ఒక్కడికే కేసయింది." తర్వాత నా వైపు తిరిగి వేలు చూపించారు. "ముందు ఒకటి తేల్చు. నేను బోండం తాగానా, లేదా?"

"తాగలేదు బాబాయ్."

"గట్టిగా చెప్పు. దాని చెవిన పడాల."

పిన్ని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను ఆవిడతో చెప్పాను: "మీరు చెప్పింది తప్పు కాదు పిన్నీ. ఆ నీళ్ళలో నిజంగానే బలం ఉంది. పిల్లలకు అది కావాలి. ఈయన మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు, అందుకని ఈయనకు వద్దు. తప్పు నా కార్డుది."

అయినా ఊహించుకుని వదిలేయడం నా పద్ధతి కాదు. దుంపలు ఉడికించిన నీళ్ళు కొంచెం మిగిలి ఉంటే ఒక చిన్న సీసాలో పట్టుకుని, మర్నాడు లాబ్‌లో తపన్‌కు ఇచ్చాను. తపన్ మా లాబ్ టెక్నీషియన్, బెంగాలీవాడు, నా స్నేహితుడు.

సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. "యే కౌన్సా పేషెంట్ హై, భయ్యా? ఇంత పచ్చగా ఉన్నాడు?"

"ఆలూ."

"క్యా?"

"ఆలూగడ్డ. పొటాషియం చూసి పెట్టు. వడకట్టే తెచ్చాను."

నన్ను కాసేపు తిట్టి, యంత్రం పాడైతే నా పేరే చెబుతానని బెదిరించి, చేశాడు. మొదటిసారి హద్దు దాటిందని యంత్రం అంకె ఇవ్వలేదు. శుద్ధజలంతో పదింతలు పలచన చేసి మళ్ళీ పెట్టాడు. లెక్క కడితే నలభై రెండు. బాబాయి రక్తం ఏడు దగ్గర ఉంటేనే మేం పరుగులు పెట్టాం. కాగితం చూసి తపన్ సీసాను దూరంగా జరిపాడు. "ఈ పేషెంట్ బతకడు" అన్నాడు.

ఆ కాగితం తీసుకెళ్ళి మేడమ్‌కు చూపించాను. ఆవిడ నవ్వలేదు. రెండుసార్లు చదివి, "మన మిగతా రోగుల ఇళ్ళలో ఏం చేస్తున్నారు?" అని అడిగారు. కనుక్కుంటానన్నాను.

అన్నం మామూలు నీళ్ళతో వండి గంజి వార్చడం, చారు పూర్తిగా మానడం ఆ సోమవారం నుంచే మొదలైంది. ఉడికిన నీళ్ళను పారబోయడానికి పిన్నికి చెయ్యి రాలేదు. చల్లార్చి పెరట్లో అరటి మొదట్లో పోస్తానంది. పొటాషియం మొక్కలకు ఎరువే కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. ఆ గెల మాత్రం బాబాయికి పెట్టకూడదని గట్టిగా చెప్పాను.

తర్వాతి సోమవారం 5.6. వెంట్రుకవాసిలో తప్పిపోయింది. మేడమ్ దాన్ని లెక్కలోకి తీసుకోనన్నారు. బాబాయి ఇంటికెళ్ళి గోడ మీది క్యాలెండర్ ముందు చాలాసేపు నిలబడ్డారని పిన్ని చెప్పింది. ఆ వారంలో డిగ్లీపూర్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. దాని తర్వాతి సోమవారం 5.2. ఆ పై సోమవారం 5.1. మేడమ్ ఉత్తరం రాసిచ్చారు, దారిలో అవసరమైతే ఏ డాక్టరుకైనా చూపించడానికి. శుక్రవారం తెల్లవారుజామున భార్యాభర్తలిద్దరూ బస్సెక్కారు. పిన్ని తనతో ఒక గిన్నె, జల్లెడ, నా కార్డు పట్టుకెళ్ళింది. ఆడపడుచు ఇంట్లో మూడు రోజులు వంట తనదేనని ముందే ఫోన్ చేసి చెప్పింది.

సోమవారం పొద్దున ఆయన గోడ పట్టుకోకుండా వచ్చారు. సూదులు పెడుతూ అడిగాను.

"గుర్తుపట్టారా బాబాయ్?"

"శనివారం పొద్దున్న పట్టింది. చిన్నోడా, ఇలా సన్నబడ్డావేటి, నీ పెళ్ళాం తిండి పెట్టట్లేదా అని అడిగింది. సారమ్మ మొహం చూడాల్సింది నువ్వు." సూది పెట్టిన చేతిని దిండు మీద సర్దుకున్నారు. "సాయంత్రం మళ్ళీ ఎవరు బాబూ నువ్వు అంది. పర్లేదు. పొద్దున్న ఒక గంట నాతో మాట్లాడింది. మా అమ్మ సంగతులు చెప్పింది. నాకు తెలీనివి."

ఆ రోజు పొటాషియం 5.3.

ఈ కేసు నాకు రెండు విషయాలు నేర్పింది. ఒకటి మా చదువులోనే ఉంది, నేను మరిచాను: ఏ పదార్థమూ ఒక చోటు వదిలితే మాయమైపోదు. ఇంకో చోటికి వెళ్తుంది. కణంలోంచి పోతే రక్తంలోకి, దుంపలోంచి పోతే నీళ్ళలోకి. అది చివరికి ఎక్కడ ఆగిందో చూసేదాకా పని పూర్తయినట్టు కాదు. రెండోది చదువులో లేదు. మనుషులు చెప్పినట్టే చేసి కూడా దెబ్బతింటారు, మనం చెప్పినదాంట్లో వాళ్ళిల్లు లేకపోతే. పిన్ని ఒక్క అబద్ధం ఆడలేదు. చేశారా అని నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ చేశానన్నదే నిజమైన జవాబు. నేను అడగాల్సిన ప్రశ్న వేరు.

కార్డులో ఇప్పుడు ఐదో వరుస ఉంది. తెలుగులో దాన్ని రాసింది సారమ్మ పిన్నే, నా తెలుగు అక్షరాలు బాగుండవని: ఈ నీళ్ళు రోగికి ఏ రూపంలోనూ పెట్టకూడదు, ఇంట్లో మిగతావాళ్ళు వాడుకోవచ్చు. రెండో ముక్క ఉండాల్సిందేనని ఆవిడ పట్టుబట్టింది.

మేడమ్ అడిగిన ప్రశ్నకు జవాబు కోసం మిగతా రోగుల ఇంటివాళ్ళను ఒక్కొక్కరినే అడిగాను. చేస్తున్నారా అని అడగలేదు. ఉడికిన నీళ్ళు ఏమవుతాయి అని అడిగాను. ఒకరు పప్పులో పోస్తారు. ఒకరు రొట్టెలపిండి ఆ నీళ్ళతోనే కలుపుతారు. ఒకావిడ చేపల పులుసుకు వాడుతుంది. ఇంకొకావిడ భర్తకు దాహమేసినప్పుడు మంచినీళ్ళ బదులు ఇస్తోంది, మంచినీళ్ళు ఎక్కువ తాగొద్దని మేం చెప్పాం కాబట్టి. ఒకాయన కోళ్ళకు పోస్తాడు. అందరి జవాబులూ రాసుకున్నాను. పదకొండు ఇళ్ళు. పారబోస్తున్నామన్నవి రెండు.